పట్టుబడ్డాక ఏమైంది? అవినీతి నిరోధక సంస్థల పనితీరుపై పౌరులు కన్నేసి ఉంచడం ఎలా

ఒడిశాలోని రాయగడలోనో, గుణుపూర్‌లోనో, పర్లాకిమిడిలోనో ఒక ప్రభుత్వ ఉద్యోగి లంచం తీసుకుంటూ పట్టుబడితే సాయంత్రానికల్లా ఆ ఫొటో అందరి ఫోన్లలోకీ చేరుతుంది. టేబులు మీద నోట్లు, పక్కన గులాబీ రంగు నీళ్లున్న సీసాలు, వాటి వెనుక తల వంచుకున్న మనిషి. నాలుగు రోజులు టీకొట్ల దగ్గర అదే మాట. ఆ తర్వాత ఛార్జిషీటు వేశారా, ప్రాసిక్యూషన్‌కు, అంటే ఆయన మీద కోర్టులో కేసు నడపడానికి, ప్రభుత్వ అనుమతి వచ్చిందా, ఆయన మళ్లీ ఏ కుర్చీలో కూర్చున్నారు అని అడిగితే చెప్పేవారుండరు. ఈ వ్యాసం ఆ తర్వాతి కథను వెంబడించడం గురించి.

లంచం అడిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పే వ్యాసాలు చాలానే ఉన్నాయి. ఇక్కడ చెప్పేది వేరు. ఆ ఫిర్యాదులు అందుకునే సంస్థలు, అంటే విజిలెన్స్, లోకాయుక్త (రాష్ట్ర స్థాయిలో), లోక్‌పాల్ (కేంద్ర స్థాయిలో), కేంద్ర విజిలెన్స్ కమిషన్, తమ పని తాము సరిగా చేస్తున్నాయో లేదో నలుగురు మామూలు మనుషులు కలిసి ఎలా గమనించవచ్చో చెబుతాను. దీనికి పెద్ద సంఘం అక్కరలేదు, రిజిస్ట్రేషనూ అక్కరలేదు. కావలసింది ఒక లావు రిజిస్టరు, ఒడియా చదవగలిగిన ఒక మనిషి, రెండు మూడేళ్లు విసుగు చెందని ఓపిక.

ముందు ఎవరి పరిధి ఏమిటో తేల్చుకోండి

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మన తెలుగువారికి ఇక్కడే మొదటి తికమక. ఇంట్లో చూసేది తెలుగు ఛానళ్లు. శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో ఏసీబీ దాడి జరిగితే క్షణాల్లో తెలిసిపోతుంది. జయపురం విజిలెన్స్ కోర్టులో మన తహశీలు ఉద్యోగికి శిక్ష పడితే మాత్రం అది ఒడియా పత్రికలో ఒక మూల వచ్చి పోతుంది. అందుకే ఒడిశాలో పుట్టి పెరిగిన తెలుగువారు కూడా "ఏసీబీకి చెబుదాం" అంటుంటారు. ఒడిశాలో ఆ పని చేసేది విజిలెన్స్.

తహశీలు, బ్లాకు, పంచాయతీ, పోలీసు, ప్రభుత్వ ఆసుపత్రి, ఇంజినీరింగ్ శాఖలు, ఇలా రాష్ట్ర ఉద్యోగులందరూ ఒడిశా విజిలెన్స్ పరిధిలోకి వస్తారు. ప్రధాన కార్యాలయం కటక్‌లో ఉంది. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నబరంగ్‌పూర్ జిల్లాలు కొరాపుట్ డివిజన్ కిందివి. ఆ డివిజన్ కార్యాలయం ఉన్నది జయపురంలో. గంజాం, గజపతి జిల్లాలు బరంపురం డివిజన్ కిందికి వస్తాయి. ఎఫ్‌ఐఆర్ కూడా ఆ డివిజన్ విజిలెన్స్ పోలీసు స్టేషన్ పేరు మీదే నమోదవుతుంది. కాబట్టి మీ ఊరి ఠాణాకు వెళ్లి కేసు నంబరు అడిగితే వాళ్లకు తెలియకపోవచ్చు. ఉచిత ఫోను నంబరు 1064.

దాని మీద ఉన్నది లోకాయుక్త, భువనేశ్వర్‌లో. ఇందులో ఒడిశాకు ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. దేశంలో అందరికంటే ముందు, 1970లోనే, లోకాయుక్త చట్టం చేసింది ఒడిశా. సంస్థను ముందుగా నిలబెట్టింది మాత్రం మహారాష్ట్ర. మళ్లీ కేంద్రం 2013 నాటి లోక్‌పాల్, లోకాయుక్త చట్టం తెచ్చాక, ఆ నమూనాలో 2014 ఫిబ్రవరిలో అందరికంటే ముందు బిల్లు ఆమోదించిందీ ఒడిశాయే. కొత్త చట్టం కింద మొదటి లోకాయుక్త ప్రమాణం చేసింది 2019 మార్చిలో. చట్టం చేయడంలో ముందుండటం వేరు, కుర్చీలో మనిషిని కూర్చోబెట్టడం వేరు. మీ నిఘా ఈ రెంటి మధ్య ఉన్న ఆ ఐదేళ్ల లాంటి ఖాళీల మీద ఉండాలి.

రైల్వే, జాతీయ బ్యాంకు, తపాలా, ఎల్‌ఐసీ వంటి చోట్ల పనిచేసేవారు కేంద్రం కిందివారు. వారి విషయంలో చూడవలసినవి కేంద్ర విజిలెన్స్ కమిషన్, సీబీఐ, లోక్‌పాల్. ఒకే వీధిలో తహశీలు ఒకరి పరిధి, పోస్టాఫీసు మరొకరి పరిధి. పొట్టంగి బ్లాకులోని కొటియా గ్రామాల సంగతి ఇంకా చిక్కు: అక్కడికి రెండు రాష్ట్రాల అధికారులూ వస్తారు. అలాంటి చోట సూత్రం ఒక్కటే. ఊరు ఎవరిదన్నది పక్కనపెట్టి, ఆ ఉద్యోగికి జీతం ఏ ఖజానా నుంచి వస్తుందో చూడండి.

నా సలహా, మొదటి ఏడాది అన్నింటి మీదా పడకండి. విజిలెన్స్‌లోని ఒక్క డివిజన్‌ను, అందులోనూ ఒక్క జిల్లా కేసులను తీసుకోండి. లోక్‌పాల్ మీద ఢిల్లీలో చూసేవాళ్లున్నారు. కొరాపుట్ డివిజన్ మీద చూసేవాళ్లు లేరు.

మనుషులను ఎంచుకోవడం

నలుగురైదుగురు చాలు. ఒడియా మాధ్యమంలో చదివిన కాలేజీ పిల్లలు తప్పనిసరి. మనలో పెద్దలు చాలామంది ఒడియా ధారాళంగా మాట్లాడతారు కానీ ఆఫీసు ఒడియా చదవలేరు. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరైన గుమాస్తా ఒకరు దొరికితే అదృష్టమే. ఫైలు ఏ బల్ల దగ్గర ఆగుతుందో ఆయనకు తెలిసినంతగా ఏ న్యాయవాదికీ తెలియదు. కోర్టు పనులకు ఒక జూనియరు న్యాయవాది ఉండాలి. ఎన్నికల్లో నిలబడాలనుకునేవారిని, కాంట్రాక్టులు చేసేవారిని మర్యాదగా పక్కనపెట్టండి. వారు చెడ్డవారని కాదు, మీ రిజిస్టరును ఎవరిమీదో కోపం తీర్చుకునే పనిముట్టుగా వాడుకునే ప్రమాదం ఉందని.

మొదటి సమావేశంలోనే ఒక మాట గట్టిగా అనుకోండి. ఈ పని చేస్తూ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదు, కేసులో ఉన్నవారింటికి వెళ్లకూడదు. సమాచార హక్కు పేరు చెప్పి బెదిరించి వసూళ్లు చేసే బాపతు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. వారి వల్ల నిజంగా పనిచేసేవారి మాటకూ విలువ పోతోంది.

రిజిస్టరు: పని అంతా ఇక్కడే

ఉత్తినే "కేసులు నీరుగారుస్తున్నారు" అంటే ఎవరూ పట్టించుకోరు. తేదీలు చూపిస్తే సమాధానం చెప్పక తప్పదు. అందుకే రిజిస్టరులో అభిప్రాయాలకు చోటివ్వకండి, తేదీలు మాత్రమే రాయండి.

రెండు పేజీలు పక్కపక్కన తెరిచి ఒక్కో కేసుకు ఒక్కో అడ్డు వరుస ఇవ్వండి. ఎడమవైపు: ఘటన తేదీ, విజిలెన్స్ పోలీసు స్టేషన్ కేసు నంబరు, ఉద్యోగి హోదా, శాఖ, కేసు రకం (లంచం, ఆదాయానికి మించిన ఆస్తులు, నిధుల స్వాహా). కుడివైపు: సస్పెన్షన్ ఉత్తర్వు తేదీ, ప్రాసిక్యూషన్ అనుమతి అడిగిన తేదీ, వచ్చిన తేదీ, ఛార్జిషీటు తేదీ, కోర్టు కేసు నంబరు, తీర్పు తేదీ, ఫలితం. చివరన మరో రెండు గడులు గీయండి: "తిరిగి విధుల్లో చేరిన తేదీ", "శిక్ష తర్వాత శాఖ తీసుకున్న చర్య".

ఆ ఆఖరి గడి గురించి కొంచెం చెప్పాలి. ఎవరికైనా శిక్ష పడినప్పుడు ఒడిశా విజిలెన్స్ ఇచ్చే పత్రికా ప్రకటన చివర దాదాపు ఒకే వాక్యం ఉంటుంది: ఈ ఉద్యోగిని సర్వీసు నుంచి తొలగించాలని, రిటైరైన వారైతే పెన్షన్ ఆపాలని, సంబంధిత అధికారిని కోరతామని. పత్రికలు దాన్ని అలాగే అచ్చేస్తాయి. కోరారా, కోరితే ఆ శాఖ ఆ పని చేసిందా అని మళ్లీ వెనక్కి వెళ్లి చూసేవారు అరుదు. మీరు చూడండి. విజిలెన్స్ తన పని చేసి, మాతృశాఖ (ఆ ఉద్యోగి సొంత శాఖ) నిద్రపోయిన కేసులు ఇక్కడే బయటపడతాయి. తప్పు ఎవరిదో సరిగ్గా చెప్పగలగడం కూడా నిఘాలో భాగమే; ఆలస్యమంతా విజిలెన్స్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

తేదీలు నింపాక వాటిని చట్టం పెట్టిన గడువులతో పోల్చాలి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ప్రాసిక్యూషన్‌కు అనుమతి కోరితే ప్రభుత్వం మూడు నెలల్లో నిర్ణయం చెప్పే ప్రయత్నం చేయాలి. న్యాయసలహా అవసరమైతే మరో నెల. ఇది 19వ సెక్షన్. కోర్టు విచారణ రెండేళ్లలో ముగించే ప్రయత్నం చేయాలని 4వ సెక్షన్ అంటోంది. గడువు పెంచుకుంటూ పోయినా మామూలుగా మొత్తం నాలుగేళ్లు దాటకూడదు. ఇక 17ఏ సెక్షన్. ఒక అధికారి విధి నిర్వహణలో తీసుకున్న నిర్ణయం మీద ఆరోపణ వస్తే, విచారణ మొదలుపెట్టడానికే ముందస్తు అనుమతి కావాలి. చేతికి చిక్కిన లంచం కేసులకు ఇది వర్తించదు. ఫలితం ఏమిటో మీ రిజిస్టరే చెబుతుంది. వెయ్యి రూపాయల దగ్గర పట్టుబడిన ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), పంచాయతీ కార్యనిర్వహణాధికారి వరుసగా కనిపిస్తూ, టెండరు నిర్ణయాల మీద కేసు ఒక్కటీ లేకపోతే, చిన్న చేపలే వలలో పడుతున్నాయన్న మాటకు అప్పుడు మీ దగ్గర ఆధారం ఉన్నట్టు.

లోక్‌పాల్ విషయంలో గడువులు వేరు. ప్రాథమిక విచారణకు 90 రోజులు, కారణాలు రాసి మరో 90 రోజులు. దర్యాప్తునకు ఆరు నెలలు, ఆపైన ఆరేసి నెలల చొప్పున పొడిగింపు. నేరం జరిగి ఏడేళ్లు దాటితే ఫిర్యాదు తీసుకోరు.

బయటే ఉన్న కాగితాలు ముందు ఏరుకోండి

దరఖాస్తు పెట్టే ముందు ఉచితంగా దొరికేవి చూడాలి. విజిలెన్స్ వెబ్‌సైటులో పత్రికా ప్రకటనలు ఉంటాయి. రిజిస్టరులో ఎడమ పేజీ సగం వాటితోనే నిండుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రచురించే వార్షిక నివేదికలో అవినీతి కేసుల మీద ప్రత్యేక పట్టికలుంటాయి: రాష్ట్రాలవారీగా నమోదు, ఛార్జిషీట్లు, శిక్షలు, పెండింగు. ఒడిశాను ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్రల పక్కన పెట్టి చూడటానికి అవి పనికొస్తాయి. ఒక హెచ్చరిక: కేసుల సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో అవినీతి ఎక్కువని రాసేయకండి. అక్కడి సంస్థ చురుగ్గా ఉందని కూడా దానికి అర్థం కావచ్చు. శిక్షల శాతమూ అంతే; తీర్పు వచ్చిన కేసుల మీదే దాన్ని లెక్కగడతారు, ఏళ్ల తరబడి తీర్పే రాని కేసులు ఆ లెక్కలోకి రావు.

లోక్‌పాల్, కేంద్ర విజిలెన్స్ కమిషన్ తమ వార్షిక నివేదికలు రాష్ట్రపతికి ఇవ్వాలి, అవి పార్లమెంటు ముందుకు రావాలి. లోకాయుక్త నివేదిక శాసనసభ ముందుకు రావాలి. నివేదికలో ఏముందో చదవడానికి ముందు, ఏ సంవత్సరపు నివేదిక ఎప్పుడు సభ ముందుకొచ్చిందో రాసుకోండి. సంస్థ ఆరోగ్యం సగం అక్కడే తెలుస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తు

ఇక్కడ ఒడిశా నిబంధనలు పొరుగు రాష్ట్రాలవాటి కంటే కాస్త కఠినం. తెల్లకాగితం మీద రాసి పోస్టల్ ఆర్డరు జతచేస్తే సరిపోతుందనుకుంటే దరఖాస్తు తిరిగి వస్తుంది. రాష్ట్ర కార్యాలయాలకు ఫారం-ఏ నింపాలి, పౌరసత్వాన్ని చూపే గుర్తింపు పత్రం నకలు జతచేయాలి, పది రూపాయల ఫీజును కోర్టు ఫీజు స్టాంపుగా అతికించాలి, లేదా నగదుగానో ట్రెజరీ చలానాగానో కట్టాలి. మొదటి అప్పీలుకు 20 రూపాయలు, రెండో అప్పీలుకు 25 రూపాయల స్టాంపు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. కేంద్ర కార్యాలయాలకైతే ఫారం గొడవ లేదు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు, ఆన్‌లైన్‌లోనూ పెట్టవచ్చు, అప్పీలుకు ఫీజు లేదు.

భాష విషయం. చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలి. రాయగడలో అది ఒడియా. తెలుగులో పెడితే తీసుకోవాలని పట్టుబట్టలేం. కానీ రాయలేనివారు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారి సాయం చేయాలని 6వ సెక్షనే చెబుతోంది. ఫిర్యాదుల సంగతి వేరు. కష్టం చెప్పుకునే వినతిపత్రాన్ని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం హామీ ఇస్తోంది. లోక్‌పాల్‌కు 2020 నాటి ఫిర్యాదు నిబంధనల ప్రకారం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా ఫిర్యాదు పంపవచ్చు, అంటే తెలుగులోనూ. అయితే నిర్ణీత నమూనా, ప్రమాణపత్రం తప్పవు. నమూనాలో లేవన్న కారణంతోనే ఎన్నో ఫిర్యాదులు లోక్‌పాల్ దగ్గర మూతపడుతున్నాయని పార్లమెంటు స్థాయీ సంఘమే ఎత్తిచూపింది.

ఇక అసలు అడ్డంకి. 2016 ఆగస్టులో ఒడిశా ప్రభుత్వం విజిలెన్స్ శాఖను సమాచార హక్కు చట్టం నుంచి మొత్తంగా మినహాయించింది. అవినీతిని పట్టే శాఖ గురించి ప్రజలు అడగకూడదన్నమాట! 2022 జూన్‌లో ఒడిశా హైకోర్టు ఆ నోటిఫికేషన్‌లో చాలా భాగాన్ని కొట్టివేసింది. అవినీతి ఆరోపణలకు, మానవ హక్కుల ఉల్లంఘనలకు సంబంధించిన సమాచారాన్నీ, గోప్యమైన కార్యకలాపాలతో సంబంధం లేని సమాచారాన్నీ నిరాకరించడం చెల్లదని చెప్పింది. కాబట్టి "మా శాఖకు వర్తించదు" అని ఒక్క ముక్క జవాబు వస్తే అక్కడితో ఆగకండి. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ నాలుగో ఉపవిభాగంలోని మినహాయింపు నిబంధననూ, 2022 తీర్పునూ ప్రస్తావిస్తూ మొదటి అప్పీలు వేయండి.

ఇంతకంటే సులువైన దారి ఇంకొకటుంది. విజిలెన్స్‌ను అడగడానికి బదులు మాతృశాఖను అడగండి. ప్రాసిక్యూషన్ అనుమతి ఇవ్వవలసింది రెవెన్యూ శాఖో, పంచాయతీరాజ్ శాఖో. సస్పెన్షన్ ఎత్తేసిందీ వాళ్లే. ఆ శాఖలకు ఏ మినహాయింపూ లేదు. ఒకే ప్రశ్నను రెండు చోట్లా పెట్టి తేదీలు కలుస్తున్నాయో లేదో చూడండి. "మేం అడిగాం" అని ఒకరు, "మాకు రాలేదు" అని ఇంకొకరు అంటే, వార్త దొరికినట్టే.

ప్రశ్నలు ఎలా ఉండాలి? "ఎందుకు ఆలస్యం చేశారు" అని రాస్తే అది సమాచారం కిందికి రాదని తిప్పికొడతారు. ఇలా అడగండి:

"2019 జనవరి 1 నుంచి 2024 డిసెంబరు 31 వరకు కొరాపుట్ విజిలెన్స్ డివిజన్‌లో రాయగడ జిల్లా ఉద్యోగులపై నమోదైన కేసుల సంఖ్య, సంవత్సరాలవారీగా, కేసు రకం వారీగా. వాటిలో ఛార్జిషీటు దాఖలైనవి, మూసివేసినవి, ఇంకా దర్యాప్తులో ఉన్నవి ఎన్ని. ప్రాసిక్యూషన్ అనుమతి కోసం ఎదురుచూస్తున్న కేసుల్లో ఏ శాఖకు ఏ తేదీన లేఖ వెళ్లింది. డివిజన్‌లో మంజూరైన పోస్టులు, ఖాళీలు, హోదాల వారీగా. శిక్ష పడిన ఉద్యోగుల తొలగింపు, పెన్షన్ నిలుపుదల కోసం పంపిన ప్రతిపాదనల సంఖ్య, వాటిపై వచ్చిన ఉత్తర్వుల నకళ్లు."

పేర్లు అడగలేదని గమనించారా? సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే 8వ సెక్షన్ జే ఖండాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం మరింత విశాలం చేసింది. పేరు అడిగితే మొత్తం దరఖాస్తునే పక్కన పడేసే సాకు దొరుకుతుంది. హోదా, శాఖ, తేదీ చాలు. "దర్యాప్తు నడుస్తోంది, ఇవ్వలేం" అన్నది మరో జవాబు. దర్యాప్తు నడుస్తున్నంత మాత్రాన సరిపోదు, సమాచారం ఇస్తే ఆ దర్యాప్తుకు ఎలా ఆటంకమో చెప్పాలి. ఈ మాట ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. అప్పీలులో రాయండి.

గడువులు గోడ మీద రాసుకోండి: జవాబుకు 30 రోజులు, రాకపోయినా, నచ్చకపోయినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని నిర్ణయానికి 30, ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ ఉన్నది భువనేశ్వర్‌లో. రాయగడ నుంచి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పార్వతీపురం, విజయనగరం మీదుగా ఉత్తరాంధ్ర చుట్టి మన రాజధానికి చేరుతుంది. అంత దూరం వెళ్లేది పదే పదే కాదు కాబట్టి, కమిషన్‌కు వెళ్లే పని ఉన్న రోజునే లోకాయుక్త కార్యాలయంలోనూ, శాసనసభ గ్రంథాలయంలోనూ చూసుకోవలసినవి జాబితా రాసుకుని బయలుదేరండి.

కోర్టులో కూర్చోవడం

జయపురం, బరంపురాల్లో విజిలెన్స్ ప్రత్యేక న్యాయస్థానాలున్నాయి. కోర్టు అందరిదీ, వెనుక బల్ల మీద కూర్చుని వినడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఫోను ఆపేయండి, రికార్డు చేయకండి. నెలకు ఒక రోజు చాలు. ఆ రోజు పిలిచిన కేసులెన్ని, వాయిదా పడినవెన్ని, ఎందుకు పడ్డాయి అన్నది రాసుకోండి. సాక్షి రాలేదా, దర్యాప్తు అధికారి బదిలీ అయి రాలేదా, ప్రతివాది న్యాయవాది గడువడిగారా, ప్రాసిక్యూటరే లేరా, న్యాయమూర్తి సెలవా? ఒక్కోదానికి బాధ్యులు వేరు. మిగతా రోజుల్లో ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే వాయిదా తేదీ తెలుస్తుంది.

సంస్థ స్వతంత్రంగా ఉందా

కేసులు చూస్తే సంస్థ ఏం చేస్తోందో తెలుస్తుంది. ఏం చేయగలదో తెలియాలంటే దాని నిర్మాణం చూడాలి. అవినీతికి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 2011లో ధ్రువీకరించింది; అలాంటి సంస్థలకు స్వతంత్రత ఇవ్వాలని అందులో ఉంది. 2012 నవంబరులో జకార్తాలో కూర్చుని వివిధ దేశాలవారు దానికి 16 సూత్రాలు రాసుకున్నారు. వాటి సారం మీరు అడగవలసిన నాలుగైదు ప్రశ్నలు: అధిపతిని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు? పదవీకాలం గట్టిదేనా? డబ్బు ఎవరి చేతిలో ఉంది? సిబ్బంది తనవారా, డెప్యుటేషన్ మీద వచ్చి రేపు మళ్లీ అదే పోలీసు శాఖకు వెళ్లేవారా? ప్రజలకు ఏటా లెక్క చెబుతోందా?

ఒడిశా విజిలెన్స్ ప్రభుత్వ సాధారణ పరిపాలన శాఖ కింద ఉంది. ఈ ఒక్క వాక్యంలో పై ప్రశ్నల్లో రెంటికి జవాబుంది. లోక్‌పాల్ సంగతి చూస్తే, చట్టం 2014 జనవరిలో అమల్లోకి వచ్చినా మొదటి అధ్యక్షుడు వచ్చింది 2019 మార్చిలో. ఆయన 2022 మేలో దిగిపోయాక 2024 మార్చి దాకా తాత్కాలిక అధ్యక్షుడితోనే నడిచింది. కర్ణాటకలో ఇంకో ముచ్చట జరిగింది. అక్కడి లోకాయుక్త పోలీసుల అధికారాలు తీసి 2016లో ముఖ్యమంత్రి కింద కొత్త ఏసీబీ పెట్టారు. 2022 ఆగస్టులో హైకోర్టు ఆ ఏసీబీని రద్దుచేసి అధికారాలను లోకాయుక్తకు తిరిగి అప్పగించింది. ఆ కేసు వేసిన వారిలో న్యాయవాదుల సంఘం, పౌరసంస్థ ఉన్నాయి.

మార్కులు వేసే పట్టికలు చాలా దొరుకుతాయి. అంతర్జాతీయ సంస్థలవీ ఉన్నాయి. జిల్లా స్థాయిలో మార్కులు వేయడం నాకు నచ్చదు. "పదికి ఆరు" అంటే అధికారి నవ్వి ఊరుకుంటాడు. "ఈ డివిజన్‌లో మంజూరైన ఇన్‌స్పెక్టర్ పోస్టుల్లో ఇన్ని ఖాళీ" అంటే నవ్వలేడు.

నివేదిక రాసి ఎవరికివ్వాలి

పది పన్నెండు పేజీలు మించవద్దు. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి. ఒడియా ప్రతి అధికారులకు, ఎమ్మెల్యేలకు. తెలుగు ప్రతి మన వీధులకు. అచ్చేయక ముందు చిత్తుప్రతిని విజిలెన్స్ ఎస్పీకి పంపి పదిహేను రోజులు గడువివ్వండి. వారి జవాబు వస్తే కోత పెట్టకుండా వెనుక చేర్చండి. ఇలా చేస్తే తప్పులు ముందే దొరుకుతాయి, రేపు "ఏకపక్షం" అన్న మాటా రాదు.

కేసు ఎదుర్కొంటున్నవారిని దోషులుగా రాయకండి. కోర్టు చెప్పేదాకా వారు నిందితులే. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. హోదాతో సరిపెట్టుకుంటే ఆ చిక్కే ఉండదు. బాగా జరిగిన కేసులు కూడా రాయండి. గడువులో ఛార్జిషీటు వేసిన అధికారిని మెచ్చుకుంటే ఆ తర్వాతి ఏడాది మీ ఉత్తరాలకు జవాబులు త్వరగా వస్తాయి.

ఎమ్మెల్యేకు నివేదిక చేతికిచ్చి దండం పెట్టి వచ్చేయడం వృథా. సభలో అడగడానికి వీలుగా ఒకే ఒక్క ప్రశ్న రాసి ఇవ్వండి, బడ్జెట్ సమావేశాలకు ముందు. అక్టోబరు 31 వచ్చే వారాన్ని ఏటా విజిలెన్స్ అవగాహన వారోత్సవంగా జరుపుతారు. ప్రతిజ్ఞలు, వ్యాసరచన పోటీలు ఉంటాయి. అధికారులు వేదిక మీదికొచ్చే ఆ వారంలో మీ నివేదిక విడుదలైతే విలేఖరులు వారినే అడుగుతారు. కలెక్టరు, ఎస్పీ కలిసి ప్రజల ఫిర్యాదులు వినే ఉమ్మడి గ్రీవెన్స్‌లోనూ ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. పల్లీసభల్లో (ఊరి సభల్లో) మొత్తం నివేదిక చదవకండి. ఆ బ్లాకు కేసుల వరుసలు మాత్రం చదవండి.

జాగ్రత్తలు

జాతీయ రహదారుల పనిలో అక్రమాలను ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే, తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ లేఖ ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయనను కాల్చి చంపారు. ఆ తర్వాతే, 2004లో, ఫిర్యాదుదారుల పేరు దాచే ప్రభుత్వ తీర్మానం వచ్చింది. దాన్ని పిడ్‌పీ (PIDPI) అంటారు. కేంద్ర ఉద్యోగుల మీద ఫిర్యాదుకు మాత్రమే పనికొస్తుంది. కవరు మూసి, పైన ఆ తీర్మానం కింద ఫిర్యాదు అని రాసి, కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శి పేర పంపాలి. మీ పేరు, చిరునామా లోపలి కాగితం మీదే ఉండాలి, కవరు మీద కాదు. పేరు లేని ఆకాశరామన్న ఉత్తరాలను కమిషన్ పట్టించుకోదు. 2014లో చేసిన ఫిర్యాదుదారుల రక్షణ చట్టం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. ఆ ధైర్యంతో ముందుకెళ్లకండి.

లోక్‌పాల్‌కు కావాలని అబద్ధపు ఫిర్యాదు చేస్తే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. లంచం ఇచ్చినవారు కూడా నేరస్థులే. బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు. మీ దగ్గరికి ఎవరైనా వచ్చి "మొన్న ఇచ్చాను" అంటే మొదట ఆ గడువు లెక్కపెట్టి చెప్పండి.

దరఖాస్తులు ఒకే మనిషి పేరు మీద పెట్టకండి, వంతులవారీగా పెట్టండి. మాట్లాడమని పిలిస్తే ఇద్దరు వెళ్లండి. రిజిస్టరు ఫొటో తీసి ప్రతి నెలా ఒక నకలు పక్క ఊళ్లోనో, సరిహద్దు దాటి ఉన్న బంధువుల ఇంట్లోనో ఉంచండి.

ఏడాది గడిచాక మొదటి పని, పాత రిజిస్టరులో ఖాళీగా మిగిలిన గడులను ఎర్ర సిరాతో కొత్త రిజిస్టరు మొదటి పేజీలకు ఎత్తి రాసుకోవడం. కొత్త కేసులు వాటి తర్వాతే. లేకపోతే తాజా దాడుల సందడిలో పాత కేసులు మళ్లీ అడుగున పడిపోతాయి. అనుమతి కోసం ఏడాదికి పైగా ఆగిన కేసులు అందులో కనిపిస్తే, వాటికి మాత్రం కొత్త దరఖాస్తు వేయండి: అనుమతి ఫైలులో అధికారులు రాసిన నోటింగుల నకళ్లు ఇవ్వమని, లేదా ఫైలును నేరుగా తనిఖీ చేయనివ్వమని. తనిఖీకి పిలిచిన రోజున ఆ రిటైరైన గుమాస్తాగారిని వెంటబెట్టుకుని వెళ్లండి.